గ్రాహకాన్ని తాకకుండానే దాన్ని నడిపించే అణువులు

డిగ్రీ జీవరసాయన శాస్త్రంలో కణ సంకేతాల అధ్యాయం మొదలుపెట్టిన ప్రతిసారీ బోర్డు మీద ఒకే బొమ్మ గీయవలసి వస్తుంది. కణత్వచం మీద ఒక గ్రాహకం, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ (రిసెప్టర్), బయటి నుంచి వచ్చి దానికి అతుక్కునే ఒక వృద్ధి కారకం, అంటే కణాన్ని పెరగమని చెప్పే అణువు, అక్కడి నుంచి లోపలికి దిగే ఒక బాణం, ఆ బాణం చివర కణ విభజన. వృద్ధి కారకం తాళంచెవి, గ్రాహకం తాళం అని పక్కన రాస్తాం. హనుమకొండలో ఈ పాఠం చెబుతూ వచ్చిన ఏళ్లలో నాకు ఒక అభిప్రాయం బలపడింది. ఈ బొమ్మ తప్పు కాదు, కానీ దాన్ని మొదటి మెట్టుగా కాక మొత్తం విషయంగా చెప్పి వదిలేయడం వల్ల విద్యార్థికీ, రోగికీ, తన పంట గురించి అడిగే రైతుకీ నష్టం జరుగుతున్నది. గ్రాహకం ఎప్పుడు మేల్కొనాలి, ఎంతసేపు మేల్కొని ఉండాలి, ఎప్పుడు కణం లోపలికి వెళ్లి నశించాలి అన్న విషయాలను దానికి అతుక్కునే కారకం ఒక్కటే నిర్ణయించదు. అందులో పెద్ద భాగం ఆ గ్రాహకానికి ఎన్నడూ నేరుగా అతుక్కోని ఇతర సంకేత అణువుల చేతిలో ఉంటుంది.

రైతు ప్రస్తావన ఊరికే తేలేదు. మా విద్యార్థుల్లో చాలామంది నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, ములుగు వైపు మిరప పండించే ఇళ్ల నుంచి వస్తారు. జనవరి దాటాక వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల మధ్య నిలబడితే గొంతు పట్టేస్తుంది, కళ్ల నీళ్లు ఆగవు, హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకొని మోస్తూనే ఉంటారు. అలాంటి సీజన్‌లోనే ఒక విద్యార్థి తండ్రి నన్ను అడిగారు: "సార్, మిర్చి తింటె క్యాన్సర్ అస్తదని ఫోన్ల పెడ్తున్నరు, తింటె పోతదని కూడ పెడ్తున్నరు. ఏది నమ్మాలె?" ఈ రెండు మాటల వెనకా నిజమైన ప్రయోగాలే ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే గ్రాహకం ఉంది. ఆయనకు సరైన జవాబు చెప్పాలంటే తాళం, తాళంచెవి బొమ్మ సరిపోదు.

ఆ గ్రాహకం పేరు ఈజీఎఫ్ గ్రాహకం. ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) అనే వృద్ధి కారకాన్ని వెలికి తీసినవారు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టాన్లీ కోహెన్. ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, మామూలుగా రెండు వారాలకు తెరుచుకునే కళ్లు వారానికే తెరుచుకోవడం, ముందరి పళ్లు కూడా తొందరగా మొలవడం ఆయన గమనించారు. ఆ పనికి కారణమైన ప్రోటీన్‌ను వేరు చేసి 1962లో ప్రకటించారు. అది 53 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఈ పరిశోధనకు 1986లో రీటా లెవీ మోంటల్చీనీతో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈజీఎఫ్ వచ్చి అతుక్కోగానే గ్రాహకాలు జంటగా చేరతాయని, ఒకదాని తోక మీద ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు మరొకటి ఫాస్ఫేట్ తగిలిస్తుందని, ఆ ఫాస్ఫేట్లను పట్టుకొని రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరుస కదులుతుందని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. తాళంచెవి బొమ్మ ఈ కృషి నుంచి పుట్టింది. దాని గౌరవం దానికి ఉంది.

ఆ బొమ్మ చాలదని తేల్చిన ప్రయోగం 1996లో జరిగింది. జర్మనీలో మ్యూనిక్ దగ్గరి మాక్స్ ప్లాంక్ జీవరసాయన శాస్త్ర సంస్థలో ఆక్సెల్ ఉల్రిచ్ బృందం ఎలుక కణాలకు ఈజీఎఫ్ ఇవ్వలేదు. దానికి బదులు ఎండోథెలిన్, త్రాంబిన్, లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం అనే మూడు పదార్థాలను విడివిడిగా ఇచ్చింది. ఎండోథెలిన్ రక్తనాళాలను బిగించే పదార్థం. త్రాంబిన్ రక్తం గడ్డకట్టడంలో పనిచేసే ఎంజైమ్. మూడోది ఒక కొవ్వు అణువు. ఈ మూడింటిలో ఏదీ ఈజీఎఫ్ గ్రాహకానికి అతుక్కోదు. వాటికి వేరే గ్రాహకాలున్నాయి, అవి కణం లోపల సంకేతాన్ని అందించే జి ప్రోటీన్ల ద్వారా పనిచేసే మరో కుటుంబానికి చెందినవి. అయినా ఆ కణాల్లో కొద్ది నిమిషాల్లోనే ఈజీఎఫ్ గ్రాహకం మీద ఫాస్ఫేట్లు కనిపించాయి, అంటే అది మేల్కొంది. ఈజీఎఫ్ గ్రాహకం పని చేయకుండా ఆపితే, ఆ మూడు పదార్థాలు కణ విభజన వైపు పంపే సంకేతం కూడా బలహీనపడింది. అంటే ఆ సంకేతాలు తమ పని పూర్తి చేసుకోవడానికి తమది కాని గ్రాహకాన్ని వాడుకుంటున్నాయి.

అప్పట్లో అందరికీ తోచిన వివరణ ఏమిటంటే, ఇదంతా కణం లోపల జరుగుతున్నదని. జి ప్రోటీన్ గ్రాహకం మేల్కొంటుంది, లోపల క్యాల్షియం పెరుగుతుంది, ఏదో ఒక కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) వెళ్లి ఈజీఎఫ్ గ్రాహకం తోకకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అదే నిజమైతే బయట ఈజీఎఫ్ వంటి కారకంతో పనే లేదు. 1999లో అదే బృందం ప్రకటించిన ఫలితం ఈ ఊహను తలకిందులు చేసింది. ఈజీఎఫ్ గ్రాహకం బయటి భాగాన్నీ, మరో వృద్ధి కారక గ్రాహకం లోపలి భాగాన్నీ కలిపి వారు ఒక అతుకు గ్రాహకాన్ని తయారు చేసి చూశారు. పరోక్ష సంకేతానికి స్పందించడానికి కావలసింది బయటి భాగమేనని తేలింది. కణం ఉపరితలం మీద హెచ్‌బీ-ఈజీఎఫ్ అనే ఈజీఎఫ్ కుటుంబ కారకం ముందుగానే తయారై, త్వచానికి కట్టేసి ఉంటుంది. జి ప్రోటీన్ గ్రాహకం మేల్కొన్నప్పుడు, లోహ అయాను తోడుతో పనిచేసే కోత ఎంజైమ్ ఒకటి ఆ కట్టును తెంచుతుంది. విడుదలైన కారకం అక్కడికక్కడే ఈజీఎఫ్ గ్రాహకానికి అతుక్కుంటుంది. సంకేతం ఈ విధంగా త్వచాన్ని మూడుసార్లు దాటుతుంది: బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి మళ్లీ బయటికి, బయటి నుంచి మళ్లీ లోపలికి. ఆ తర్వాతి పరిశోధనల్లో ఇలాంటి కోత ఎంజైముల పేర్లు కూడా తేలాయి. ఆడమ్ అనే కుటుంబంలో 10, 17 సంఖ్యలవి వాటిలో ముఖ్యమైనవి.

హెచ్‌బీ-ఈజీఎఫ్ గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పడం నాకిష్టం. కంఠసర్పి (డిఫ్తీరియా) వ్యాధి తెచ్చే సూక్ష్మజీవి విషం మనిషి కణంలోకి దిగడానికి వాడుకునే ద్వారం కూడా త్వచానికి కట్టేసి ఉన్న ఈ కారకమే. ఆ విషంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిన, ప్రాణహాని లేని రూపం ఉంది. దాన్ని సీఆర్‌ఎమ్ 197 అంటారు. అది హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను పట్టుకొని దాని పనిని అడ్డుకుంటుంది. మ్యూనిక్ బృందం దీన్నే పరీక్షగా వాడింది. సీఆర్‌ఎమ్ 197 కలిపినప్పుడు పరోక్ష సంకేతం ఆగింది కాబట్టి మధ్యవర్తి హెచ్‌బీ-ఈజీఎఫ్ అని తేలింది. ఇదే ప్రోటీన్‌ను నేడు పిల్లలకు వేసే న్యుమోనియా టీకాల్లో కొన్నింటిలో వాహకంగా వాడుతారు. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి తప్పక చెబుతాను, ఎందుకంటే ఒక అణువును ఒకే పనితో గుర్తుపెట్టుకోవడం ఎంత పొరపాటో విద్యార్థికి ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే మొదటి ఊహ పూర్తిగా వీగిపోలేదు. కణం లోపలి నుంచి కూడా ఈ గ్రాహకం మీద చేతులు పడతాయి. సార్క్ అనే కైనేజ్ దాని 845వ టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలించి పనిని పెంచుతుంది. ప్రోటీన్ కైనేజ్ సి దాని 654వ థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దీన్ని 1984లోనే చూపించారు. అలా జరిగినప్పుడు గ్రాహకం ఈజీఎఫ్‌ను మునుపటి బలంతో పట్టుకోలేదు, దాని కైనేజ్ పని తగ్గుతుంది. అంటే ప్రోటీన్ కైనేజ్ సిని మేల్కొలిపే ఏ సంకేతమైనా, అది ఏ గ్రాహకం నుంచి మొదలైనదైనా, ఈజీఎఫ్ గ్రాహకం చెవిని కొంత మందగింపజేయగలదు. అదే ప్రోటీన్ కైనేజ్ సి కోత ఎంజైములను కూడా ఉసిగొల్పి హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను విడుదల చేయించగలదు. ఒకే ఎంజైమ్ ఒక దారిలో గ్రాహకాన్ని అణచి, మరో దారిలో దాన్ని మేల్కొలిపే పరిస్థితి ఇది. ఏ దారి గెలుస్తుందన్నది ఆ కణంలో ఏయే ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

మన పాఠ్యపుస్తకాల్లో నన్ను అన్నింటికంటే బాధించే లోటు ఫాస్ఫటేజ్‌ల విషయంలో ఉంది. ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్‌లకు పేజీలు కేటాయిస్తారు, దాన్ని తీసేసే ఫాస్ఫటేజ్‌లకు ఒక వాక్యం మిగులుతుంది. నిజానికి కణంలో ఈ తొలగింపు ఎడతెగకుండా సాగుతూనే ఉంటుంది. వృద్ధి కారకం లేనప్పుడు కూడా గ్రాహకాలు అప్పుడప్పుడు వాటంతటవే ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి, ఫాస్ఫటేజ్‌లు వాటిని వెంటవెంటనే తీసేస్తుంటాయి కాబట్టే కణం నిమ్మళంగా ఉంటుంది. టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ల పని నడిపే చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆ సిస్టీన్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే ఎంజైమ్ కొంతసేపు పని మానేస్తుంది. వృద్ధి కారకం అతుక్కున్నప్పుడు కణం స్వయంగా కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారు చేసుకుంటుందని 1990లలో తేలింది. మంట, వాపు, పొగ వంటి ఇతర కారణాల వల్ల పెరాక్సైడ్ పెరిగినా ఇదే జరగవచ్చు. గ్రాహకాన్ని ఎవరూ ముట్టుకోలేదు, కొత్తగా ఏ కారకమూ రాలేదు, కానీ దాన్ని అదుపులో ఉంచే ఎంజైమ్ ఆగిపోయింది కాబట్టి గ్రాహకం పని పెరిగింది. పరోక్ష నియంత్రణకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. దీనికి తోడు, మేల్కొన్న గ్రాహకానికి సిబిఎల్ అనే ప్రోటీన్ యుబిక్విటిన్ గుర్తు వేసి కణం లోపల నాశనానికి పంపుతుంది. ఆ గుర్తు పడకపోతే గ్రాహకం తిరిగి ఉపరితలానికి చేరి మళ్లీ పని చేస్తుంది.

ఇప్పుడు మిర్చి సంగతి. మిర్చి ఘాటుకు కారణం క్యాప్సైసిన్. అది ఈజీఎఫ్ గ్రాహకాన్ని ఉద్దేశించిన కారకం కాదు. దాని అసలు గ్రాహకం టీఆర్‌పీవీ1 అనే అయాను మార్గం. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది, 2021లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు. క్యాప్సైసిన్ తగలగానే ఈ మార్గం తెరుచుకొని క్యాల్షియంను కణంలోకి వదులుతుంది. ఎనుమాముల యార్డులో దగ్గు తెప్పించేది ఇదే, నాలుకకు మంట తెలిసేదీ ఇదే. ఈ మార్గం నాడీకణాల్లోనే కాక పేగు లోపలి పొర కణాల్లో కూడా ఉందని 2014లో ఒక అమెరికా బృందం చూపించింది. అక్కడ ఈజీఎఫ్ గ్రాహకం మేల్కొన్నప్పుడు అది టీఆర్‌పీవీ1ను కూడా తెరుస్తుంది. లోపలికి వచ్చిన క్యాల్షియం కాల్పైన్ అనే ఎంజైమ్‌ను కదిలిస్తుంది. అది పీటీపీ1బి అనే టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ను చురుకుచేస్తుంది. ఆ ఫాస్ఫటేజ్ వచ్చి ఈజీఎఫ్ గ్రాహకం మీది ఫాస్ఫేట్లను తీసేస్తుంది. ఈ అదుపు లేని ఎలుకల పేగుల్లో కణుతులు ఎక్కువయ్యాయి. పేగు కణుతులు వచ్చే జన్యులోపం ఉన్న ఎలుకలకు ఆహారంలో క్యాప్సైసిన్ కలిపి పెడితే కణుతులు తగ్గాయి, అవి ఎక్కువ కాలం బతికాయి. "మిర్చి తింటే క్యాన్సర్ పోతుంది" అన్న సందేశం పుట్టిన చోటు ఇలాంటి ఫలితమే.

రెండో సందేశానికీ ఆధారం ఉంది. 2010లో ప్రచురితమైన మరో పరిశోధనలో క్యాప్సైసిన్‌ను ఎలుకల చర్మం మీద, కణుతులను ప్రోత్సహించే మరో రసాయనంతో పాటు పూశారు. కణుతులు పెరిగాయి. టీఆర్‌పీవీ1 బొత్తిగా లేని ఎలుకల్లో కూడా ఆ ప్రభావం కనిపించింది కాబట్టి, అది ఆ మార్గం గుండా జరిగింది కాదు. ఈజీఎఫ్ గ్రాహకం చురుకుదనమే అందులో కారణంగా తేలింది. ఒకే పదార్థం పేగులో ఒక దారిన గ్రాహకాన్ని శాంతపరచింది, చర్మం మీద వేరొక దారిన దాన్ని రెచ్చగొట్టింది. రెండూ ఎలుకల ప్రయోగాలు, మోతాదులు వేరు, ఇచ్చిన తీరు వేరు, తోడుగా ఉన్న రసాయనాలు వేరు. ఏ ఒక్కదాన్నీ మన కంచంలోని పచ్చడికి నేరుగా వర్తింపజేయలేం. పైగా మిర్చి అన్నది ఒకే వస్తువు కాదు. తేజ రకం ఘాటు వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి ఘాటు వేరు. రంగు బాగా ఇచ్చి కారం తక్కువ ఉండే చపాటాలో, తేజలో ఉన్నంత క్యాప్సైసిన్ ఉండదు. ఆ తండ్రికి నేను ఇచ్చిన జవాబు ఇదే: మీ పంట మందూ కాదు, విషమూ కాదు, ఆ రెండు సందేశాలనూ ఇంకొకరికి పంపకండి. యార్డులో ఘాటు గాలి పీల్చేవాళ్లు మాత్రం ముక్కూ నోరూ కప్పుకోవడం మేలు, దానికి క్యాన్సర్ భయం అక్కర్లేదు, ఊపిరి సులువుగా ఆడడం చాలు.

పొగాకు పొగ దగ్గరికి వచ్చేసరికి నేను ఇంత జాగ్రత్తగా రెండు వైపులా మాట్లాడను. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టి బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాటిని తాగేవాళ్లు మా అందరి ఇళ్లలోనూ ఉన్నారు. తెల్లారగానే తెమడతో దగ్గే పెద్దవాళ్లను చూస్తూనే పెరిగాం. సిగరెట్ పొగ శ్వాసనాళపు కణాల్లో ఆడమ్ 17 కోత ఎంజైమ్‌ను కదిలించి, త్వచానికి కట్టేసి ఉన్న మరో ఈజీఎఫ్ కుటుంబ కారకాన్ని విడుదల చేయిస్తుందని, దాంతో మేల్కొన్న ఈజీఎఫ్ గ్రాహకం తెమడలోని ముఖ్య ప్రోటీన్ ఉత్పత్తిని పెంచుతుందని 2004లో ప్రయోగశాల కణాల్లో చూపించారు. పొగలో వృద్ధి కారకం లేదు. అయినా గ్రాహకం మేల్కొంది. పొగాకు వల్ల క్యాన్సర్ రావడానికి జన్యువుల నష్టం ప్రధాన కారణం, అందులో సందేహం లేదు. ఈ పరోక్ష దారి దానికి అదనం.

విషయం వైద్యానికి చేరినప్పుడు ఈ వాదనకు అసలు బలం వస్తుంది. బిరాఫ్ అనే ప్రోటీన్‌లో 600వ స్థానంలో వచ్చే ఒక మార్పు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ, కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలోనూ కనిపిస్తుంది. రాస్ తర్వాతి మెట్టులోని రాఫ్ కుటుంబంలో ఇదీ ఒకటి. ఆ మారిన బిరాఫ్‌ను ఆపే వెమురాఫెనిబ్ మందుకు 2011లో అమెరికాలో మెలనోమా కోసం అనుమతి వచ్చింది. ఆ మందు తీసుకున్న మెలనోమా రోగుల్లో సగానికి దగ్గరగా కణుతులు చెప్పుకోదగినంత కుంచించుకుపోయాయి. అదే మార్పు, అదే మందు, పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఇచ్చినప్పుడు 21 మందిలో ఒక్కరికే అలాంటి ఫలితం కనిపించింది. తాళంచెవి బొమ్మతో ఆలోచించేవారికి ఇది అంతుపట్టదు. 2012లో వచ్చిన వివరణ ఇలా ఉంది. పెద్దపేగు కణాల్లో బిరాఫ్ నుంచి ఎర్క్ దాకా ఉన్న వరుస, తన చివరి నుంచి వెనక్కి ఒక అదుపును పంపుతూ ఈజీఎఫ్ గ్రాహకాన్ని అణచి ఉంచుతుంది, ఆ అదుపు ఒక ఫాస్ఫటేజ్ గుండా సాగుతుంది. మందు బిరాఫ్‌ను ఆపగానే ఆ అదుపు కూడా ఆగిపోయింది. స్వేచ్ఛ దొరికిన ఈజీఎఫ్ గ్రాహకం మళ్లీ మేల్కొని, వేరే దారుల్లో కణ విభజనను నడిపించింది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ గ్రాహకం చాలా తక్కువ కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది రాలేదు. మందు గ్రాహకాన్ని తాకలేదు, అయినా గ్రాహకాన్ని లేపింది. ఈ అవగాహన నుంచే బిరాఫ్‌ను ఆపే ఎంకోరాఫెనిబ్‌ను, ఈజీఎఫ్ గ్రాహకాన్ని బయటి నుంచి కప్పే సెటుక్సిమాబ్‌తో కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. 2020లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. పరోక్ష నియంత్రణ అంటే పరిశోధకుల మధ్య మిగిలిపోయే సూక్ష్మ వివరం అనుకునేవారు ఆ రెండు అనుమతుల మధ్య కాలంలో పెద్దపేగు క్యాన్సర్ రోగులు కోల్పోయిన సమయాన్ని గుర్తుచేసుకోవాలి.

నా తోటి అధ్యాపకుల్లో కొందరు దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది తేలికగా తీసేయదగినది కాదు. పల్లె కళాశాలల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ముందు సరళమైన బొమ్మ నిలవనివ్వాలి, చిక్కుముడులు పరిశోధన స్థాయికి వెళ్లాక ఎలాగూ తెలుస్తాయి అంటారు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగమే నిజం కాదు. మా దగ్గర డిగ్రీ చదివినవారిలో పరిశోధన దాకా వెళ్లేది చాలా కొద్దిమంది. మిగతావారు ల్యాబ్ టెక్నీషియన్లు, బడి పంతుళ్లు, మందుల ప్రతినిధులు అవుతారు. వాళ్ల ఊళ్లో ఎవరికైనా క్యాన్సర్ వస్తే రిపోర్టు చదివి అర్థం చెప్పమని మొదట వాళ్లనే అడుగుతారు. రిపోర్టులో బిరాఫ్ అని ఉంటే, మందు ఉందట అని ధైర్యం చెప్పి ఊరుకోకుండా, అది ఏ అవయవపు క్యాన్సర్ అని అడిగే అలవాటు వాళ్లకు ఇక్కడే, ఈ మూడేళ్లలోనే రావాలి. సరళంగా చెప్పడం వేరు, విషయాన్ని సగంలో ఆపడం వేరు. "ఇదొక్కటే దారి కాదు" అన్న మాట చేర్చినంత మాత్రాన ఏ పిల్లకూ పాఠం బరువు కాదు.

అందుకే పరీక్షల్లో "ఈజీఎఫ్ గ్రాహకం పనితీరును పటంతో వివరించుము" అన్న ప్రశ్న పక్కన మరో ప్రశ్న కూడా ఉండాలని కోరుతున్నాను. కొన్ని కణాలకు ఎండోథెలిన్ ఇచ్చారు, ఈజీఎఫ్ గ్రాహకం మీద ఫాస్ఫేట్లు పెరిగాయి. అదే ప్రయోగాన్ని సీఆర్‌ఎమ్ 197 కలిపి చేశారు, ఫాస్ఫేట్లు పెరగలేదు. మూడోసారి సీఆర్‌ఎమ్ 197తో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కలిపారు, మళ్లీ కొంత పెరిగాయి. మొదటి రెండు ఫలితాల నుంచి హెచ్‌బీ-ఈజీఎఫ్ కోత గురించి, మూడోదాని నుంచి ఫాస్ఫటేజ్ గురించి విద్యార్థి తనంతట తాను తర్కించి రాయాలి. గ్రాహకం ఎక్కడెక్కడి నుంచి అదుపులోకి వస్తుందో బట్టీ పట్టి రాయలేని ప్రశ్న ఇది. రెండు పేజీల జవాబు చాలు, పటం ఐచ్ఛికం.